మచ్చ పక్కన మూడు గడ్డలు

ఆమె బట్టల మిల్లులో గుడ్డ తనిఖీ చేసేది. బల్ల మీద కదిలే గుడ్డపై అరచేయి ఆనించి, కంటికి కనబడని ముడిని కూడా పట్టేసేది. ఇంట్లో పాలు విరిగినా ఎవరి పనో ఆరా తీసే మనిషి కావడంతో అందరూ డిటెక్టివక్క అనేవారు.

నాలుగేళ్ల కిందట క్యాన్సర్ వచ్చి ఆమె కుడి రొమ్ము తీసేశారు. ఒక ఉదయం స్నానం చేస్తుంటే ఆ కోత మచ్చ పక్కన శనగగింజంత గట్టిగా తగిలింది. నొప్పి లేదు, దురద లేదు. నొక్కితే కదల్లేదు.

మందుల షాపులో పనిచేసే తమ్ముడికి చూపించింది.

"చెమట పొక్కక్కా. ఈ ఆయింట్‌మెంట్ రాయి, పోతుంది."

"చెమట పొక్కైతే దురద పెట్టదేం?"

"నీకు అద్దంలో నీ మొహం మీద కూడా అనుమానమే!"

ఆమె ముందు సబ్బును అనుమానించింది, మార్చింది. తర్వాత లోదుస్తుల పట్టీని. ఆఖరికి పెన్నుతో గడ్డ చుట్టూ గీత గీసి, చెరిగినప్పుడల్లా దాని మీదే మళ్లీ దిద్దుకుంటూ వచ్చింది. రెండు వారాలకు గడ్డ ఆ గీత దాటింది. పక్కన మరో రెండు లేచాయి. చర్మం ఊదారంగుకు తిరిగింది.

ఈసారి చూపించినప్పుడు తమ్ముడు నవ్వలేదు, చూపు తిప్పుకున్నాడు.

"నీకు ముందే తెలుసు కదరా?"

"అనుమానం వచ్చిందక్కా. ఆ మాట నా నోటితో అనలేకపోయాను."

ఆమె మర్నాడే ఒంటరిగా పెద్దాసుపత్రికి వెళ్లింది. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, స్కానింగూ చేశారు. పది రోజులకు డాక్టరమ్మ పిలిచింది.

"పాత జబ్బేనమ్మా, చర్మంలోకి పాకింది. స్కానింగులో ఇంకెక్కడా కనబడలేదు. పూర్తిగా పోతుందని మాటివ్వలేను గానీ, అదుపులో పెట్టే మందులున్నాయి."

"చెమట పొక్కనుకుని ఆయింట్‌మెంట్ రాసుకుంటూ కూర్చునుంటే?"

"నెలలు గడిచిపోయేవి. కోత దగ్గర కొత్తగా ఏది లేచినా మీలాగే రావాలి."

చికిత్సకు తమ్ముడే బండి మీద తీసుకెళ్లేవాడు. రెండుసార్లు ఆమె దారంతా నోరు విప్పలేదు. మూడోసారి, తిరిగి వస్తుంటే, వెనక నుంచి అతని భుజం తట్టింది.

"ఇంకెప్పుడూ నా దగ్గర ఏదీ దాచకు."

"దాచనక్కా."

నాలుగో నెలకు గడ్డలు అణిగాయి. ఆమె ఒంటిపూట పనికి తిరిగి మిల్లులో చేరింది. డాక్టరమ్మ బాగుందన్నా, వారానికోసారి అద్దం ముందు నిలబడి మచ్చ చుట్టూ తడిమి చూసుకుంటూనే ఉంది.