యాదయ్య కెమెరాలో వెలగని ఫ్లాష్

ఐదేళ్లుగా ఒక మాటను మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పడం కాస్త తేలిక. నా పేరు మాత్రం అడగకండి.

ఒక తండ్రి దగ్గర్నుంచి చిన్న కెమెరా తీసుకుని, దాని మీదున్న ఒక మీట రెండుసార్లు నొక్కాను. చూడ్డానికి నేను చేసింది అంతే. దాంతో ఆయన తన కూతురి ఆట చూడటం మానేశాడు. ఇప్పటికీ లోపలికి రావడం లేదు.

మొదటి నుంచి చెబుతాను. తొందరపడితే మళ్లీ నన్ను నేనే వెనకేసుకొస్తాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

అప్పటికి శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచి ఏడాది దాటింది. నేను గగన్‌పహాడ్‌లో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఒక కంపెనీలో స్టోర్ గుమాస్తాను. మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయి ఇల్లు. ఎవరో వాడి అమ్మేసిన కెమెరా ఒకటి కొన్నాను. మెడలో వేసుకునే పెద్ద రకమే గానీ, ఆ రకంలో అన్నిటికంటే కింది మెట్టుది, కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనేది. దానితో వచ్చిన లెన్స్ తప్ప నా దగ్గర ఇంకోటి లేదు. అయినా అది మెడలో ఉంటే నా నడకే మారిపోయేది. బస్సులో కూడా సంచిలో పెట్టేవాణ్ని కాదు, నలుగురూ చూడాలని.

శంషాబాద్ దాటాక ఒక ప్రైవేటు కాలేజీలో ఇండోర్ బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. ఆటలు నేర్పే పీడీ సారు మా గల్లీ మనిషే. అమ్మాయిల టోర్నమెంటుకు ఫోటోలు తియ్యమని పిలిచి, ఫోటోగ్రాఫర్ అని రాసిన కార్డు నా మెడలో వేశాడు. ఒక్కటే షరతు పెట్టాడు. ఫ్లాష్ వెయ్యకూడదు. బంతి వేసేటప్పుడు కళ్లలో వెలుగు పడితే గురి పోతుందని రెండుసార్లు చెప్పాడు. ఆ మాత్రం నాకు తెలియదా అన్నట్టు తల ఊపాను.

తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ కోర్టుకు పైన రేకుల కప్పు, నాలుగు మూలలా పసుప్పచ్చ లైట్లు. మన కంటికి ఆ వెలుతురు చాలు. నా కెమెరాకు చాలదు. వెలుతురు తక్కువైతే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉండాలి, ఆ లోపల ఆడేవాళ్లు కదిలిపోతారు. మొదటి రోజు మూడు వందలకు పైగా తీశాను. ఒక్కదాంట్లోనూ ముఖం లేదు. చేతుల చోట పొగ, కాళ్ల చోట గీతలు. పీడీ సారు నా భుజం మీదుగా తొంగిచూసి పక్కకు వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

రెండో రోజుకు ఒక కిటుకు కనిపెట్టాను. ఎదుటి జట్టు ఫౌల్ చేస్తే దొరికే ఫ్రీ త్రో వేసేటప్పుడు మాత్రం ఆట ఆగుతుంది. గీత దగ్గర ఒక అమ్మాయి కదలకుండా నిలబడి, ఊపిరి బిగబట్టి, బుట్ట వైపు చూస్తుంది. బంతి చేతిని వదిలే ముందు ఒక్క క్షణం ఒళ్లంతా స్థిరంగా ఉంటుంది. ఆ క్షణం పట్టుకుంటే నాలాంటి వాడికి కూడా ఒక ఫోటో దక్కుతుంది. అందుకని బుట్ట వెనకాల నేల మీద కూర్చుని ఫ్రీ త్రోల కోసం కాచుకున్నాను.

నా వెనక మెట్ల మీద యాదయ్య కూర్చునేవాడు. అసలు పేరు రాయను, యాదయ్య అనుకుందాం. ఆయన కూతురు మంజుల ఆ కాలేజీ జట్టులో ఆడేది. ఆమె పేరు కూడా నేను పెట్టిందే. ఆయన ఎయిర్‌పోర్టు తోటల్లో గడ్డి కోసే పనిలో ఉండేవాడు. పని దిగి, పచ్చ యూనిఫాం విప్పకుండానే వచ్చేవాడు. ఆడపిల్లకు నిక్కరేసి ఆటలేందని ఊళ్లో అన్నవాళ్లందరికీ ఈయనే అడ్డం నిలబడ్డాడట. మంజుల బంతి వేసే ముందు ఒకసారి మెట్ల వైపు చూసేది. ఆయన గడ్డం కొద్దిగా పైకెత్తేవాడు. చప్పట్లు కొట్టడం, అరవడం ఏమీ లేదు. వాళ్లిద్దరికీ అది చాలు.

ఫైనల్ రోజున ఆయన బామ్మర్ది దగ్గర అడిగి ఒక చిన్న డిజిటల్ కెమెరా తెచ్చాడు. ఎట్లా తియ్యాలో చెప్పమని నా దగ్గరకు వచ్చాడు. నేను దాన్ని తీసుకుని ఫ్లాష్ ఆపేశాను. మెరుపు గుర్తు మీద అడ్డగీత వచ్చేదాకా మీట నొక్కి, ఇంక దేన్నీ ముట్టుకోవద్దని, పైనున్న బటన్ ఒక్కటే నొక్కమని చెప్పాను. దణ్ణం పెట్టినంత పని చేశాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు, నన్ను సారూ అన్నాడు. నేను వద్దనలేదు.

ఆట చివరికి మంజుల జట్టు ఒక్క పాయింటు వెనక ఉంది. రెండు సెకన్లు మిగిలాయి. ఆమెకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. ఒకటి పడితే సమం, రెండూ పడితే కప్పు.

అప్పటివరకు నేను తీసినవి తెర మీద చూసుకున్నాను. అన్నీ మసక. ఇదే చివరి అవకాశం. పేపర్లో జిల్లా పేజీకి పంపిస్తామని పీడీ సారు అన్నాడు, ఫోటో కింద నా పేరు ఉంటుంది. కెమెరా పైనున్న చక్రాన్ని వేలితో ఆటో అనే గుర్తు మీదకు తిప్పాను. కెమెరా ఏది మంచిదనుకుంటే అది చేసుకుంటుంది కదా అనుకున్నాను.

చాలాకాలం ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయేవాణ్ని. పొరపాటున జరిగిందని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. చేతికి కొత్తైన కెమెరా, తెలియనితనం. నిజంగా తెలియదా? ఆటోలో పెడితే చీకట్లో ఫ్లాష్ దానంతటదే లేస్తుందని నాకు తెలియదా? ఇంట్లో మా అక్క కూతురిని ఎన్నిసార్లు అట్లా తీశాను? బటన్ సగం నొక్కగానే ఫ్లాష్ టిక్కుమని పైకి లేచింది కూడా. నా నుదుటికి ఆనుకుని లేచింది. చేత్తో కిందికి నొక్కేయొచ్చు. మంజుల అప్పటికి బంతిని నేలకు రెండుసార్లు కొట్టి, పైకెత్తి, మోకాళ్లు వంచింది. నాకు టైముంది. ఒక్కసారికి ఎవరు చూస్తారులే అనుకున్నాను. తెలిసే నొక్కాను.

తెల్లటి వెలుగు. బంతి ఇనుప రింగుకు తగిలి పక్కకు పోయింది. మంజుల రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

నేను అరచేత్తో ఫ్లాష్‌ను కిందికి అదిమేశాను. రిఫరీ ఆట ఆపాడు. హాలంతా గోల. నాలుగడుగుల వెనకాల, మెట్ల మీద, యాదయ్య లేచి నిలబడి ఉన్నాడు, చేతుల్లో కెమెరా, కన్ను ఇంకా దానికే ఆనించి. ఆయన కూడా అదే క్షణంలో నొక్కాడు. జనం నా మెడలో కార్డు చూశారు, ఆయన చేతిలో కెమెరా చూశారు. ఇంకేం కావాలి? ఎదుటి జట్టు చేసింది కాదు కాబట్టి మళ్లీ వెయ్యనివ్వడం కుదరదని రిఫరీ అన్నాడు. మంజుల రెండో బంతి వేసింది. అది రింగు దాకా కూడా పోలేదు.

ఆ తర్వాత యాదయ్య మెట్లు దిగి నా దగ్గరకు వచ్చాడు. వెనకాల పీడీ సారు, పక్కనే తువ్వాలు పట్టుకుని మంజుల. ఆయన కెమెరా నా చేతిలో పెట్టాడు.

“సారూ, జర సూడుండ్రి. గా వెలుగు దీంట్లకెల్లే వచ్చిందా?”

ఆయన తీసిన ఫోటో ఇంకా తెర మీద ఉంది. నల్లగా ఉంది. ఫ్లాష్ పడితే అట్లా ఉండదు. మూలన మెరుపు గుర్తు మీద నేను పెట్టిన అడ్డగీత అట్లాగే ఉంది. అది చదవగలిగినవాణ్ని ఆ హాల్లో నేనొక్కణ్నే. ఆయన నిజం చెప్పమని అడగడానికి వచ్చిన మనిషి, తన తప్పైతే ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి. నా ఛాతీ మీద నా కెమెరా వేడిగా ఉన్నట్టనిపించింది. పీడీ సారు నన్నే చూస్తున్నాడు.

బొటనవేలితో ఆ మీటను రెండుసార్లు నొక్కాను. అడ్డగీత పోయింది. కెమెరాను నేల వైపు తిప్పి బటన్ నొక్కాను. తెల్లగా వెలిగింది.

“నీదే కాకా. చెయ్యి తగిలి ఆన్ అయినట్టుంది.”

ఆయన నేల వైపే చూస్తూ ఉండిపోయాడు. మంజుల ఏడవలేదు.

“నువ్వు ఇగ రాకు బాపు. నేను ఆడేకాడికి రాకు.”

“రాను బిడ్డా.”

అంతే జరిగింది. ఇంటికి పోయి నా కెమెరాలోని ఆ ఫోటో చూశాను. టోర్నమెంటు మొత్తంలో స్పష్టంగా వచ్చింది అదొక్కటే. అసలు వెలుగుకు ముందు వచ్చే చిన్న మెరుపుకే ఆమె కళ్లు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి, వెనక నేల మీద నల్లటి నీడ. చెరిపేశాను. చెరిపేసేటప్పుడు ఫోటో బాగా వచ్చిందే అని ఒక్క క్షణం బాధపడ్డాను. ఆ బాధ పడినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

మంజుల ఇంకా రెండేళ్లు ఆడింది. యాదయ్య ఆడిన మాట తప్పలేదు. నాకు మాత్రం ఆ కోర్టులో చోటు ఖాయమైంది, చేయి కూడా తిరిగింది, ఫ్లాష్ లేకుండా తియ్యడం వచ్చేసింది. ఒక సాయంత్రం బయటికొస్తే కాలేజీ గేటు అవతల ఆయన మోపెడ్ పక్కన నిలబడి ఉన్నాడు. లోపల్నుంచి వచ్చే అరుపులు వింటూ ఆట ఎటుందో పోల్చుకుంటున్నాడట. బిడ్డ ఎట్లా ఆడిందని అడిగాడు. కెమెరాలో చూపించాను. ఎండ తగలకుండా రెండు చేతులు అడ్డం పెట్టుకుని, ఆ బుల్లి తెర మీద కూతురిని చూసుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని, మీరుండబట్టి చూస్తున్న సారూ అన్నాడు. ఆ రెండేళ్లూ ప్రతి ఆట తర్వాత నేను గేటు దగ్గర ఆగి చూపించేవాణ్ని. మంచితనం అనుకునేవాణ్ని. ఎవరి ముందు ఆ వేషం? ఆయన ముందా, నా ముందా?

మంజుల ఇప్పుడు మా వైపే ఒక బడిలో ఆటల టీచరు. ఈ మధ్య తన పిల్లల జట్టును అదే కోర్టుకు తెచ్చింది. ఆమె కోపం ఎప్పుడో పోయింది. గేటు దాకా పోయి తండ్రిని లోపలికి రమ్మంది, చెయ్యి పట్టుకుని లాగింది కూడా. ఆయన రాలేదు. నేనొస్తే పిల్లలకు మంచిగ గాదు, నా చెయ్యి అసొంటిది అన్నాడట. ఆమె ఆ మాట నాతో నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వు లేకుండా ముగించింది.

ఇంక ఆగలేకపోయాను. మర్నాడు ఆయన పని దిగే సమయానికి పోయి, రోడ్డు పక్కన ఒక టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. చక్రం తిప్పింది, ఫ్లాష్ లేచింది, మీట రెండుసార్లు నొక్కింది, అన్నీ. తల ఎత్తకుండా చెప్పాను. ఆయన అంతా విని నా వీపు నిమిరాడు.

“నా మనసు నిమ్మలం జేద్దామని గిట్లంటున్నరు సారూ. ఆ దినం మీరే సూపిచ్చిండ్రు గదా. నా కండ్లతోని నేను సూసిన.”

ఒట్టేశాను. ఆయన నవ్వి టీ తాగమన్నాడు. చూపించడానికి నా దగ్గర ఫోటో లేదు. ఎంత చెబితే అంత మంచివాణ్నవుతున్నాను ఆయన కళ్లలో. ఇదేం శిక్ష అనుకున్నాను. ఆయన అనుభవించిన దానికి శిక్ష అనే మాట వాడే హక్కు నాకు లేదని వెంటనే అనిపించింది.

ఇంకొక్కటి మిగిలింది, అది కూడా చెప్పేస్తే అయిపోతుంది. మంజులకు చెబితే నమ్ముతుంది. ఆమె ఆ వెలుగు వచ్చిన దిక్కుకే చూస్తూ నిలబడిన మనిషి, మెట్ల మీదనుంచా, నేల మీదనుంచా అని ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు. ఆమె నమ్మితే ఆయన కూడా నమ్ముతాడు, లోపలికొచ్చి తన మెట్టు మీద కూర్చుంటాడు. మరి నేను ముందు ఎవరి దగ్గరకు పోయాను? నమ్మని మనిషి దగ్గరకు. నమ్మడని నాలో ఎక్కడో తెలుసేమో. తెలుసు.

రాస్తుంటే ఛాతీ మీద బరువు కొంచెం దిగినట్టుంది. నాకు తేలికైతే ఆయనకు ఏం ఒరిగింది? అది కూడా తెలుసు. మంజుల బడి మా ఇంటికి నడిచిపోయేంత దూరం. ఈ కాగితం ముందు మీకు చూపిస్తున్నాను. ఆమెకు ఇంకా ఇవ్వలేదు.