విషం అని రాసిన డ్రమ్ము

ఫరీదాబాద్‌లో బోల్టులకు నికెల్ పూత వేసే ఫ్యాక్టరీలో నేను పనిచేసినప్పుడు, స్టోర్ చూసే ఆయనది శ్రీకాకుళం. నేను బాబాయి గారూ అనేదాన్ని. పూత తొట్టెల అడుగున మిగిలే బురదను నీలం డ్రమ్ముల్లో నింపి పంపేవాళ్లం. అంటించిన చీటీలు ఎండకు ఊడిపోతాయని ఆయన ప్రతి డ్రమ్ము మీదా ఎర్ర రంగుతో ‘విషం’ అని తెలుగులో రాసేవారు. హిందీ మాట్లాడతారు గానీ రాయడం రాదు.

“ఇక్కడ తెలుగు ఎవరు చదువుతారు బాబాయి గారూ?” అని నవ్వేదాన్ని.

“రాయకుండా ఎలాగ పంపించీడం? అదేటో మనకి తెలుసు కదమ్మా,” అనేవారు కుంచె తుడుచుకుంటూ.

ఆ బురద గేటు దాటినా, శుద్ధి కేంద్రానికి చేరేదాకా చట్టప్రకారం బాధ్యత ఫ్యాక్టరీదే. చేరినట్టు కాంట్రాక్టరు రసీదు తెచ్చేవాడు. నేను సంతకం పెట్టి ఫైల్లో పెట్టేదాన్ని. ఒక్కసారి కూడా లారీ వెనకాల వెళ్లి చూడలేదు.

ఒక ఆదివారం ఆయన నన్ను తన గల్లీకి రమ్మన్నారు. పక్కింటి గుమ్మం దగ్గర మా డ్రమ్ము, నిండా మంచినీళ్లు. అందులోని బురద ఎక్కడ పారబోశారో తెలియదు. ఆ ఇంటావిడ దాన్ని పాత సామాన్లు అమ్మే కబాడీ కొట్టులో కొన్నదట.

“దీదీ, ఈ నీళ్లు తాగకండి. ఇది జహర్ మోసిన డ్రమ్ము,” అన్నాను హిందీలో.

“అచ్ఛా?” అందావిడ, నమ్మలేక. “లోపలా బయటా బాగా తోమాను. ఈ ఎర్ర పువ్వులు అందంగా ఉన్నాయని వాటిని మాత్రం రుద్దలేదు.”

బాబాయి గారు ఆ పువ్వుల మీద అరచెయ్యి ఆనించారు.

“హిందీలో ఎలాగ రాస్తారమ్మా?” అని అడిగారు.