రూతమ్మగారి గోడకు ప్రార్థన

ఇల్లు నిలబెట్టేదీ, అందులో మనుషుల్ని నిలబెట్టేదీ ప్రభువే. కట్టిన ఇళ్లను ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మార్చే చిన్న పనిని ఇన్నేళ్లు నాకు అప్పగించినందుకు ముందుగా ఆయనకు స్తోత్రం.

స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం కింద ఏజెంటుగా నా రిజిస్ట్రేషన్ పూర్తయిన ఏడాది, వేసవి మొదట్లో నాచారంలో ఒక పాత ఫ్లాటు అమ్మే పని వచ్చింది. అంతకుముందు నేను ఉప్పల్ చౌరస్తాలో టీకొట్టు దగ్గర నిలబడే బ్రోకర్లలో ఒకణ్ణి. పాన్ కార్డు, పన్ను రిటర్నులు, ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టి, ఫీజు కట్టి నెంబరు తెచ్చుకున్నాక, దాన్ని విజిటింగ్ కార్డు మీద నా పేరు కంటే పెద్దగా అచ్చు వేయించాను. నిజానికి ఆ నెంబరు కొత్త వెంచర్లలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మడానికే కావాలి. పాత ఇంటికి అక్కర్లేదు. అయినా సంఘంలో అందరికీ కార్డులు పంచాను. పాస్టరుగారికి, అంటే మా అయ్యగారికి, రెండు ఇచ్చాను.

ఫ్లాటు మా సంఘ సభ్యురాలు రూతమ్మగారిది. నర్సుగా రిటైరయ్యారు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్లు అరిగి, మెట్లు దిగలేక ఆమె ఆదివారం ఆరాధనకు రావడమే మానేశారు. ఈ ఇల్లు అమ్ముడైతేనే మల్లాపూర్‌లో మా మందిరం పక్కన కింది అంతస్తులో ఇల్లు కొనుక్కోగలరు. కానీ వచ్చినవాళ్లంతా మెట్లు చూసే వెనక్కి తిరుగుతున్నారు.

అమ్మకానికి ఒప్పుకునే ముందు ఏజెంటు ఇంటి లోపాలు అడగాలి. అడిగాను. "ఏం లేదు దానియేలూ, బంగారమసొంటి ఇల్లు. మొన్ననే రంగేయించిన" అన్నారు. ఈసీ తీయించాను. ఇంటి మీద తాకట్లు ఉన్నాయో లేవో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే కాగితం అది. శుభ్రంగా ఉంది. తాకట్టయితే ఈసీలో కనిపిస్తుంది గానీ, గోడకు చెమ్మ ఉంటే కనిపించదు.

చివరికి సుబ్బారావుగారు దొరికారు. గోదావరి జిల్లా మనిషి, చర్లపల్లిలో ఒక కంపెనీలో అకౌంటెంటు. శనివారం సాయంత్రం చూస్తానన్నారు. అదే సాయంత్రం తమ ఇంట్లో గృహకూడిక, అంటే సంఘం ప్రార్థన సమావేశం, ఉందని రూతమ్మగారు నాకు చెప్పలేదు. ఉప్పల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని నేను వెళ్లేసరికి మెట్ల మీదికే డోలక్ వినిపించింది. లోపల సుబ్బారావుగారు ముందు వరసలో, చాప మీద, పాటల పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. దానియేలు గారు రమ్మన్నారని ఆయన అన్నారట. కూడికకు వచ్చిన కొత్త ఆత్మ అనుకుని సహోదరీలు ప్రేమతో అక్కడ కూర్చోబెట్టారు. మర్యాదస్తుడు, తాళం కూడా వేస్తున్నారు.

పాట ఆగగానే అయ్యగారు ప్రార్థన అంశాలు చెప్పమన్నారు. మా కూడికల్లో అంశాన్ని దాచకుండా, వివరంగా చెప్పాలి. డాక్టరుకు చెప్పనివి కూడా అక్కడ చెబుతారు. కొనేవారి ముందు ఇంటి సంగతులు వద్దని నేను తలుపు దగ్గర నుంచి రూతమ్మగారికి చేతులూపాను. స్తుతిస్తున్నాననుకుని ఇద్దరు ముగ్గురు తామూ చేతులెత్తారు.

రూతమ్మగారు కళ్లు తుడుచుకుని మొదలుపెట్టారు. "అయ్యగారూ, బెడ్రూం గోడ కోసం ప్రార్థన జేయుండ్రి. పైనోళ్ల బాత్రూం నీళ్లు దిగుతున్నయ్. ఎంత జెప్పినా ఇంటలేరు. రంగేయించినా మచ్చ మళ్ల తేలుతున్నది. ఇయ్యాల కొనేటాయన వస్తుండట. ఆయన కండ్లకు అది కనబడకుండ జేయాలె ప్రభువు."

"ఆమేన్" అన్నారందరూ. సుబ్బారావుగారు కూడా, సగం దాకా.

అయ్యగారు నన్ను చూసి, బ్రదర్ దానియేలు ప్రార్థిస్తారన్నారు. మోసంలో దేవుణ్ణి భాగస్తుణ్ణి చేయలేను. పెద్దామెను అందరిలో చిన్నబుచ్చలేను. కళ్లు మూసుకుని, "ప్రభువా, గోడ సంగతి బయటపెట్టినందుకు స్తోత్రం. పై ఇంటివారి మనసు ప్లంబరు వైపు తిప్పు. కొనే సహోదరుడు మా మధ్యనే ఉన్నాడు, ఆయనకు ఓర్పు దయచెయ్యి" అన్నాను. ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు.

కళ్లు తెరిచేసరికి సుబ్బారావుగారు నవ్వుతున్నారు. "ఏవండీ దానియేలు గారూ, మా వైపు గోడ తట్టి చూసుకుంటామండీ. మీరు పాట పాడించి మరీ చెబుతారే!"

రూతమ్మగారు నా మీదికి తిరిగారు. "ఏందయ్యా, ఈయనే అని జర ముందు జెప్పొద్దా?"

"దేవునికి జెప్పిన్రు గదమ్మా, నాకెందుకు జెప్పలే?"

"దేవుడు కమీషన్ అడుగుతడా?"

సుబ్బారావుగారు గదిలోకి వెళ్లి మచ్చ తడిమి చూశారు. తర్వాత అయ్యగారు, డోలక్ సహోదరుడు, సహోదరీలు అందరం కలిసి పై ఇంటికి వెళ్లాం. తలుపు తీసినాయన అంతమందిని, డోలక్‌ని చూసి, మేం నోరు తెరవకముందే, తెల్లారి ప్లంబర్‌ని పిలుస్తానన్నాడు. పైపు మారి, గోడ ఆరాక టోకెన్ అడ్వాన్సు ఇస్తానన్నారు సుబ్బారావుగారు. అన్నట్టే ఇచ్చారు. రూతమ్మగారు మల్లాపూర్ చేరారు.

అప్పటి నుంచి పని మానేసేదాకా ఏ యజమానినీ ఇంటి లోపాలేమిటని అడగలేదు. ఈ ఇంటి గురించి దేవుణ్ణి ఏం అడుగుతున్నారని అడిగాను. హిందువులైతే, ఏం మొక్కుకున్నారని. పగుళ్లు, చెమ్మ, పొరుగువారి తగాదాలు అన్నీ ఆ జవాబులోనే వచ్చేవి. లోపం ముందే చెప్పిన ఇల్లు కాస్త ఆలస్యమైనా అమ్ముడవుతుందని ఈ వృత్తిలో నేర్చుకున్నాను.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ఇల్లు అమ్మేవారికి నిజం చెప్పే ధైర్యాన్నీ, ఏజెంట్లకు దాన్ని కూడిక కంటే ముందే వినే చెవుల్నీ ప్రభువు అనుగ్రహించాలని అడుగుదాం. ఆమేన్ మాత్రం పూర్తిగా అనండి.