పొద్దున్నే పోగు అతకడం

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. నైజాం కాలంలో మా బాపుకు కామెర్లు ముదిరి పొట్ట ఉబ్బింది. ఒక పొద్దున తన మగ్గం ముందే కూర్చుని, "గిదెవరి మగ్గమే?" అని అమ్మను అడిగాడు. చాపిన అరచేతులు రెక్కల్లా కొట్టుకుంటున్నాయి.

"గాలి సోకింది, వేపమండలు తేండి" అంది అవ్వ.

అమ్మ వినక దవాఖానకు బండి కట్టించింది. "కార్జం చెడ్డది. కడుపుల విషం నెత్తికెక్కింది" అని డాక్టరు ఆముదం తాగించాడు. కడుపు కడిగినట్టయి బాపుకు తెలివి వచ్చింది. "మళ్ల ఎక్కొచ్చు, కనిపెట్టుకొని ఉండాలె" అన్నాడు డాక్టరు.

అప్పటినుంచి రోజూ తెల్లవారగానే అమ్మ తెగిన పోగు బాపు చేతిలో పెట్టేది. అతికితే ఆ రోజుకు తెలివి బాగున్నట్టు. "నాకే పోగు పట్టుడు నేర్పుతున్నవానే?" అని బాపు నవ్వేవాడు.

ఒక పొద్దున నవ్వలేదు. రెండు కొసలు పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అమ్మ మళ్లీ బండి కట్టమంది.

మీ ఇంటి పెద్దలు మిమ్మల్ని రోజూ గుర్తుపట్టి పేరుపెట్టి పిలవాలి, మీ ఇల్లు చల్లగుండాలి.