తొమ్మిదో దారం

పోయినవి ముందు చెబుతాను. 1957 వానల్లో నంద్యాలలో మా మట్టి మిద్దె కారి, ఎండబెట్టిన పుట్టగొడుగుల పొట్లాలు ఇరవై ఆరు బూజుపట్టాయి. వాటి రంగులు రాసుకున్న నోటుపుస్తకాలు రెండు చెరిగిపోయాయి. ఆ వానల్లోనే ఆళ్లగడ్డలో మా అక్క ఓబులమ్మ పోయింది. అప్పటిదాకా దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. లెక్కకు అందనిది లేదనుకునేవాణ్ణి.

నేను నూనె మిల్లులో తూకాల గుమాస్తాను. బడిచదువు ఐదో తరగతి. మిగతాది సొంతంగా నేర్చుకున్నదే. వానకాలం ఆదివారాల్లో అక్కతో కలిసి అహోబిలం వైపు అడవిలో పుట్టగొడుగులు వెతికేవాణ్ణి. చూపు ఆమెది, కొలతలు నావి.

గొడుగు అడుగున సన్నటి రేకులుంటాయి. రకాన్ని గుర్తించడానికి వాటి లెక్క ఒక ఆధారం. అక్కకు ఇరవై దాటి లెక్క రాదు. అందుకని గొడుగుకొక దారం తీసుకుని, రేకుకొక ముడి చొప్పున వేసేది. రేకు చివర చీలి ఉంటే జంటముడి. ఆ ముడులు నేను లెక్కపెట్టేవాణ్ణి.

ఒక వెదురుపొద కింద నీలిబూడిద కాడ ఉన్న రకం దొరికింది. మద్రాసులో ఒక ప్రొఫెసరుగారికి పంపాను. ఇది ఎవరూ వర్ణించనిది కావచ్చని, పది తాజా గొడుగుల కొలతలు పంపితే నేను చెప్పిన పేరే పెడతానని ఆయన రాశారు. అక్క పేరు చెప్పాను.

"కుక్కగొడుగుకు నా పేరా? ఇంకేం దొరకలేదారా నీకి?" అంది అక్క.

"పుస్తకంలో ఎక్కుతాదక్కా. మనం పోయినా ఉంటాది."

"పోయేది తర్వాత చూస్తాం. పది కావల్లంటివి కదా, బేగా నడువు. వానొస్తాండాది."

ఆ రోజునుంచి నాకంటే ఆమెకే తొందర ఎక్కువైంది.

ఎనిమిది కొలిచాం. రేకులు యాభై ఎనిమిదికి తగ్గలేదు, అరవై ఆరు దాటలేదు. దేనిలోనూ చీలిక లేదు. అప్పుడు అక్కకు చలిజ్వరం వచ్చింది. పద్దెనిమిది రోజులు మంచంలోనే ఉంది. వేళ్లు వాచి లోటా కూడా పట్టుకోలేకపోయింది.

ఈ రకం దారాలు దాచిన తగరపు పెట్టె నంద్యాలలో మా ఇంటి గూట్లో ఉండేది. మిద్దె కారిన రోజు తెరిచి చూసి, ఎనిమిదీ పొడిగా ఉన్నాయని డైరీలో రాసుకున్నాను. నాలుగు రోజులకు అక్క పోయింది. పదకొండో రోజు ముగించుకుని వచ్చి పెట్టె తెరిస్తే తొమ్మిది దారాలున్నాయి. తొమ్మిదో దానికి డెబ్భై మూడు ముడులు. అందులో ఒకటి జంటముడి.

పెట్టె తాళంచెవి నా మొలతాడుకే ఉంది. నా భార్యను అడిగితే ముట్టనే లేదంది.

రెండు ఆదివారాల తర్వాత ఒంటరిగా ఆ వెదురుపొద దగ్గరకు పోయాను. ఒకే ఒక గొడుగు మొలిచి ఉంది. సూదితో రేకులు ఒక్కొక్కటే తప్పిస్తూ మూడుసార్లు లెక్కపెట్టాను. డెబ్భై మూడు. ఒకటి చివర చీలి ఉంది. సూది పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను.

డైరీలో ఎనిమిదని తప్పు రాసి ఉండొచ్చు. కానీ అప్పటికి మొలవని గొడుగుకు ముడులు ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

తొమ్మిది కొలతలు పంపాను. పది లేనిదే కుదరదని జవాబొచ్చింది. మరుసటి ఎండాకాలంలో ఆ వెదురుపొద నరికేశారు.

అక్క పోయాక ఇది నాలుగో వానకాలం. అడవికి బయలుదేరే ముందు పెట్టె తెరిచి దారాలు లెక్కపెడతాను. ఎందుకో నా భార్యకు చెప్పలేదు. తొమ్మిదే ఉంటాయి. అక్క పేరు అచ్చులో ఎక్కడానికి రావలసింది ఇంకా ఒకటి.