పాట తెగనివ్వని మనిషి

ముంబైలో, వరుస గదుల మా చాల్‌లో ఎదురుగదిలో ఉండే బ్యాండాయనకు పాట ఆగితే తోచదు. కామాటిపురా పెళ్లి బరాత్‌లలో ముప్పై ఏళ్లుగా సాక్సోఫోన్ ఊదుతున్నాడు. ఊరేగింపులో పాట తెగితే అశుభమంటారు. అందుకని పక్కవాడికి ఊపిరి చాలకపోతే ఆ స్వరాన్ని ఈయన అందుకుంటాడు. ఇంట్లో రేడియో పాట ముగిసినా, తర్వాతిది మొదలయ్యేదాకా సన్నగా కూనిరాగం తీస్తుంటాడు.

పోయిన ఏడాది, సంగీతం చదివిన ఒక అమ్మాయి నాలుగు సాక్సోఫోన్లకు కొత్త సంగీతం రాసింది. నాలుగో మనిషిగా ఈయనను పిలిచింది. ఇది కుదిరితే ఇక ఎండలో బరాత్‌ల వెంట నడవక్కర్లేదని ఆయన ఆశ. గదుల ముందు గ్యాలరీలో సాధన చేస్తూ, ఒకచోట ఆపి వేళ్లు మడిచి లెక్కపెడుతూ కూర్చునేవాడు.

“ఏం బిడ్డా, మరిచినవా?” అని అడిగాను.

“లేదు పెద్దమ్మా. ఈడ నలుగురం చుప్ ఉండాలె. గట్లనే రాసింది.”

“చుప్ ఉండనీకి నలుగురెందుకు, ఒక్కడు చాలు. మరిచిండ్రనుకొని జనం నవ్వుతరు చూడు.”

దాదర్‌లో కచేరీ రోజు ఆ చోటు వచ్చింది. ముగ్గురూ ఆగారు. ఈయన ఒక్కడే స్వరాన్ని అందుకుని, వాళ్లు మళ్లీ మొదలుపెట్టేదాకా ఊదాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం తల దించుకుంది. మళ్లీ ఆయనను పిలవలేదు.

చాలా రోజులు నాకు అన్నం సహించలేదు. చివరికి ఒకనాడు నల్లా దగ్గర ఆపి అడిగాను, “అంతా తెల్సి ఎందుకు ఊదినవు బిడ్డా?”

ఆయన బిందె భుజానికి ఎత్తుకున్నాడు.

“గా పిల్ల గూడ గదే అడిగింది పెద్దమ్మా. నీ పేరు చెప్పలేదు లే.”