హరిబాబు పెట్టిన చిక్కుడు కొత్త

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రైలుపెట్టెల్ని విప్పి, కడిగి, మళ్లీ బిగించి పట్టాలెక్కించిన మనిషికి ఇంట్లో ఇంత కూర వండడం ఒక లెక్కా? హరిబాబు ఈ ప్రశ్న తనకు తానే వేసుకుని, జవాబు కూడా తానే చెప్పుకున్నాడు. మధ్యలో ఇంకెవరినీ అడగలేదు. అడిగే అలవాటు ఆయనకు షాపులో మిస్త్రీగా ఉన్నప్పుడూ లేదు, రిటైరయ్యాకా రాలేదు.

ఆయన భార్య హైమవతికి దసరా వెళ్లీవెళ్లగానే టైఫాయిడ్ పట్టుకుంది. జ్వరం దిగింది గాని, పోతూ పోతూ ఆకలిని కూడా వెంటబెట్టుకు పోయింది. చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. డాక్టరు ఆవిడ కంటిరెప్ప కిందికి లాగి చూసి, కూరలు బాగా పెట్టమన్నాడు. రెండు వారాల్లో తిండి పట్టకపోతే తెచ్చి ఆస్పత్రిలో చేర్చండి, సెలైన్ ఎక్కించక తప్పదన్నాడు. ఆ కూరలు ఎవరు వండాలో మాత్రం చెప్పలేదు. కొడుకు అమర్‌నాథ్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో పని చేస్తాడు. తండ్రి వంటింట్లో కాలుపెట్టిన రోజు నుంచి ఆ అబ్బాయికి ఓవర్‌టైము మీద ఎక్కడలేని భక్తి పుట్టింది. భోజనం అక్కడి కాంటీన్లోనే.

హరిబాబు ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, సుద్దముక్క పట్టుకున్నాడు. షాపులో పెట్టె ఒంటిమీద ఏ పని ఏ రోజుకి అవ్వాలో సుద్దతో రాస్తారు. అదే పద్ధతిలో వంటింటి తలుపు మీద వారం వంటంతా రాసేశాడు. సోమవారం బీరకాయ, మంగళవారం మునక్కాడ, బుధవారం కాకర, అలా శనివారం దాకా. రాశాక నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని, బాగుందని తలూపాడు. తలుపు మీద తన పేరు చూసుకుని బీరకాయ మురిసిపోతూ నడిచొస్తుందని ఆయన ఉద్దేశం కాబోలు.

రాలేదు. కార్తీకమాసం చివరి రోజులవి. మా ఝపటాపూర్ బజారులో రాధారాణి అని ఒకావిడ కూర్చుంటుంది. తెల్లారే లోకల్ రైల్లో రెండు బుట్టలతో దిగుతుంది. ఆ వారం ఆవిడ పొలంలో ఏది కాస్తే బుట్టలో అదే ఉంటుంది. హరిబాబు ఆవిడ ముందు నిలబడి మునక్కాడలు కావాలన్నాడు. లేవంది. ఎందుకు లేవన్నాడు. చెట్టునడగమంది. పోనీ ముల్లంగి తీసుకో దాదా, పొద్దున్న పీకినదే అంటే, ముల్లంగి శుక్రవారం గదా అని కోప్పడ్డాడు. రాధారాణి ఆయన్ని ఎగాదిగా చూసి, దీదీకి ఎలా ఉందని అడిగి, అడక్కుండానే గుప్పెడు కొత్తిమీర సంచిలో వేసింది. తన గట్టి మాటకు జడిసి వేసిందనుకుంటూ ఆయన ముందుకు సాగాడు.

మునక్కాడలు ఎక్కడెక్కడో తిరిగి సంపాదించాడు. తలుపు మీది మాట తప్పితే మిస్త్రీ పరువేం కాను? ఆ మునక్కాడలు ఉడికే లోపల ఖరగ్‌పూర్ మీదుగా హౌరా బళ్లు ఎన్నో వెళ్లిపోయాయి. నమిలితే పీచు, మానితే ఆకలి. కాకర గురించి చెప్పకపోవడమే పుణ్యం. వారం గడిచేసరికి హైమవతి ఇంకొంచెం చిక్కింది గాని, తలుపు మీది ప్రణాళిక ఒక్క అక్షరం పొల్లుపోకుండా అమలైంది.

"మావా," అంది ఆవిడ మంచం మీంచి, "తలుపునడిగి కాదు, బుట్టనడిగి వొండాల."

 తర్వాతి ఆదివారం ఆయన ముందు రాధారాణి దగ్గరికి వెళ్లి, బుట్టలో ఏమున్నాయో చూసి, ఆ తర్వాతే సుద్దముక్క తీశాడు. ఏ కాలంలో పండింది ఆ కాలంలోనే తినాలన్న గొప్ప రహస్యాన్ని తాను కనిపెట్టిన సంగతి వీధిలో అందరికీ చెప్పాడు. పక్కింటి సత్యవాణికి మరీ విడమరిచి చెప్పాడు. ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచి అలాగే వండుతోంది. అయినా చేతిలో చీపురు పక్కన పెట్టి, "అలగా అన్నయ్యా" అంటూ చివరిదాకా వింది. ఇలాంటివాళ్లు ఉండబట్టే భూమి ఇంకా తిరుగుతోంది.

ఆ వారం రాధారాణి బుట్టలో ఆ ఏడాది తొలి చిక్కుళ్లు వచ్చాయి. లేతవి, అంచున ఊదారంగు. హైమవతికి చిక్కుడంటే ప్రాణం. ఇంక చూసుకోండి: సోమవారం ఉత్త చిక్కుడు, మంగళవారం చిక్కుడు వంకాయ, బుధవారం ఆవపెట్టిన చిక్కుడు. నిజం చెప్పుకోవాలంటే ఈసారి వంట కుదిరింది. రుచి చూడడమంటే ఆయన దృష్టిలో చెంచాడు కాదు, గిన్నెడు. అందుకే ఉప్పు, కారం సరిపడే వేళకి కూరలో పావు వంతు పొయ్యి దగ్గరే చెల్లిపోయేది.

సోమవారం హైమవతి కూర పక్కకు నెట్టి, మజ్జిగన్నం రెండు ముద్దలు తింది. బాగుంది మావా, ఆకలి లేదు అంది. మంగళవారం కూడా అదే మాట. బుధవారం ఆవ వాసన వంటింట్లోంచి వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుంది. ప్రాణంగా తినే కూరకే మొహం తిప్పుకుందంటే ఇక దేనికి నోరు తెరుస్తుంది? ఆ సాయంత్రం హరిబాబు ఒక సంచిలో ఆవిడ తువ్వాలు, గ్లాసు, రెండు చీరలు సర్దాడు. ఆస్పత్రికని చెప్పలేదు. 

గురువారం పొద్దున్న బజారుకు ఊరికే వెళ్లాడు. ఏమివ్వమంటావని రాధారాణి అడిగితే ఏదీ వద్దన్నాడు. తరచి అడిగితే బెంగాలీలో గోడంతా వెళ్లబోసుకున్నాడు. ఆవిడ వింటూ వింటూ ఒకే ఒక్క మాట అడిగింది: తొలి చిక్కుళ్లు ఠాకూర్‌కి, అంటే దేవుడికి, పెట్టారా అని. తన ఇంట్లో కొత్త బియ్యం బస్తాల్లో ఉన్నాయనీ, నబాన్న పూజ చేసి దేవుడికి పెట్టేదాకా పిల్లలు కూడా ముట్టరనీ చెప్పింది. కిందటేడు దీదీ ఇక్కడే తొలి చిక్కుళ్లు కొని, ఇవి మాతకని వేరుగా చెంగున ముడేసుకుందట.

హరిబాబు బజారు నడిమధ్య అలాగే నిలబడిపోయాడు. ఎవరో సైకిలు బెల్లు కొట్టి తప్పుకోమన్నా కదల్లేదు.

హైమవతి పుట్టింటివాళ్ల సొంతూరు పాలకొండ వైపు. వాళ్లలో ఏటా తొలిసారి కాసిన చిక్కుడైనా, కందికాయైనా, మామిడైనా అమ్మవారికి పెట్టందే ఇంటివాళ్లు నోట పెట్టరు. దాన్నే కొత్త పెట్టడమంటారు. రైల్వే పనికని ఇంతదూరం వచ్చిన తాతలు పొలాలు వదిలేశారు గాని కొత్తలు వదల్లేదు. హరిబాబు ఇంట్లో కూడా పెళ్లయిన నాటి నుంచి ఏటేటా జరుగుతూనే ఉంది. ఆ పూట ఆయన వంతు సేవ, ఆకులో వడ్డించింది తిని చెయ్యి కడుక్కోవడం. ఆ సేవ ఆయన ఏ ఏడూ ఎగ్గొట్టలేదు.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"సెప్పొచ్చు గదే."

"సెమటలు కక్కుకుని వొండినావు. అది తినకూడదని ఏ నోటితో సెప్పీది?"

"నానేమో తినీసినాను."

"తెలీక తిన్నావు. అమ్మోరు నీ సంగతి ఎరగదేటి?"

శుక్రవారం కొత్త పెట్టాలని నిశ్చయమైంది. సంగతి తెలిసి సత్యవాణి తాను వండి పెడతానని వచ్చింది. హరిబాబు గరిటె ఆవిడ చేతిలో పెట్టబోతుంటే, ఏ ఇంటి కొత్త ఆ ఇంటి చేతులే వండాలని మంచం మీంచి తీర్పు వచ్చింది. సత్యవాణి నవ్వి, తన ఇంట్లోంచి వాడని కొత్త మట్టి దాక తెచ్చి కడిగిచ్చి, చిక్కుళ్లకు ఈనెలు తీసిపెట్టి వెళ్లిపోయింది.

అసలు చిక్కు అప్పుడు తెలిసింది. అమ్మవారికి పెట్టేది రుచి చూడకూడదు. వాసన కూడా చూడకూడదు. గిన్నెడు తింటేగాని ఉప్పు తేలని మనిషికి ఇది కళ్లకు గంతలు కట్టి ఇంజను నడపమన్నట్టే. ఉప్పు వేశాడు. వేశాడా? గుర్తులేదు.

"హైమా, ఉప్పేసినానా?"

"మంచం మీంచి నానెలగ సూస్తాను మావా?"

మళ్లీ వేశాడు. షాపులో నట్టు బిగించాక నమ్మకానికి ఇంకో తిప్పు తిప్పే చెయ్యి అది. కాబట్టి నమ్మకానికి ఇంకో చిటికెడు కూడా పడింది.

తడిబట్టతో దాక నెత్తిన పెట్టుకుని వీధి చివర మాత గుడికి నడిచాడు. దారిలో ఆడవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వాలని ఎంతుందో ఆ తల్లికే తెలియాలి. అమ్మవారి ముందు ఆకు పరిచి వడ్డించాక ఏం అనాలో ఆయనకు తెలియలేదు. అన్నేళ్లూ ఆ మాటలు హైమవతే అనేది.

"తప్పు నాది తల్లీ," అన్నాడు చివరికి. "దానికి ఆకలి పుట్టించు."

అమ్మవారు ఆ కూర ఆరగించి ఏమీ అనలేదు. ఆవిడని ఓర్పుగల తల్లి అని ఊరికే అనరు.

ఇంటికి తెచ్చి హైమవతికి పెట్టాడు. ఆవిడ ఆకును కళ్లకద్దుకుని, దిండుకు ఆనుకుని కూర్చుని, అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగింది. నమిలింది. రెండో ముద్ద, మూడో ముద్ద. మొహంలో ఏ మార్పూ లేదు. హరిబాబు ఆ మొహం చూస్తూ, తాను జన్మలో ఇంత బాగా వండలేదని తీర్మానించుకుని, దాకలోది వేలితో తీసి నోట్లో వేసుకున్నాడు.

దీఘా సముద్రం నాలిక మీదికి వచ్చినట్టయింది.

"ఏటే, ఇదెలగ తింటన్నావే?"

"పెసాదం మావా. పెసాదానికి వొంక పెడతారేటి?"

"ఉప్పు..."

"ఉప్పు కాదు, పెసాదం," అంది ఆవిడ. ఆకులో కూర ఇంకా చాలానే ఉంది. ప్రసాదం వదిలెయ్యకూడదు, ఉత్తదే తినడం మనిషన్నవాళ్ల తరం కాదు. ఆకులో ఖాళీగా ఉన్న అంచు ఆయన వైపు జరిపింది. "అన్నం పెట్టు. ఈ కూరకి ఇంతన్నం సాల్దు."

పెట్టాడు. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాడు. మూడోసారి అడిగేసరికి గిన్నెలో అన్నం అయిపోయింది. హరిబాబు గిన్నె పుచ్చుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, అన్నం కోసం సత్యవాణి గుమ్మంలోకి పరిగెత్తాడు.